సూది మొన మీద సాగిన చదువు

ఇంగ్లండులో 17వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం చివరి వరకు ఆడపిల్ల ఏ ఇంట పుట్టినా ఆమె చదువు సూదీ దారంతోనే మొదలయ్యేది. కలిగినవారి కూతురైతే పట్టుగుడ్డ మీద పూలు, పక్షులు, బైబిలు కథలు కుట్టేది. కూలివాని కూతురైతే దుప్పట్ల అంచులు మడిచి కుట్టడం, మేజోళ్లు అల్లడం, చిరిగినచోట రఫూ చేయడం నేర్చుకునేది. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే సూది అయినా, ఒకరి పనిని కుటుంబ గౌరవానికి గుర్తుగా, మరొకరి పనిని ఇంటిచాకిరికి అర్హతగా చూసిన ఆ సమాజం, రెండింటినీ కలిపి తీరిక వేళల కాలక్షేపం కింద జమకట్టి, కళల లెక్కలోకీ కూలి లెక్కలోకీ రాకుండా పక్కన పెట్టింది. ఆ గుడ్డముక్కలను ఇప్పుడు దగ్గరగా పరిశీలిస్తే గణితం, అక్షరాభ్యాసం, రూపకల్పన, ఏళ్ల తరబడి కూడగట్టుకున్న నేర్పు వాటిలో ఎంతగా ఇమిడి ఉన్నాయో తెలుస్తుంది. అంత శిక్షణ వెనుక ఉన్న పనిని పనిగా గుర్తించని అలవాటు ఇంగ్లండుతోనే ఆగలేదు. మిషనరీల వెంట సముద్రం దాటి గోదావరి డెల్టాకు చేరి, నరసాపురం లేసు అల్లే స్త్రీల బతుకుల్లోనూ స్థిరపడింది.

నమూనా గుడ్డ

ఈ చదువుకు మూలగ్రంథం వంటిది 'సాంప్లర్'. కుట్లు, అంచులు, బొమ్మలు, అక్షరాలు ఒకే గుడ్డ మీద నమూనాలుగా కుట్టి, అవసరమైనప్పుడు చూసుకోవడానికి దాచుకునే నారగుడ్డ పట్టీని ఆ పేరుతో పిలిచేవారు. అచ్చయిన కుట్టు నమూనాల పుస్తకాలు ఐరోపాలో 1520ల నుంచే వెలువడుతున్నా, అవి అరుదుగా, ఖరీదుగా ఉండటం వల్ల ఒకరి గుడ్డ చూసి మరొకరు కుట్టుకోవడమే ఎక్కువగా సాగేది. కుట్టిన తేదీ ఉన్న బ్రిటిష్ సాంప్లర్లలో మనకు దొరికిన తొలిది 1598 నాటిది. జేన్ బోస్టాక్ అనే ఆమె కుట్టిన ఆ గుడ్డ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఆలిస్ లీ అనే పాప 1596 నవంబరు 23న పుట్టిందన్న సంగతి కూడా దాని మీద దారంతో నమోదై ఉండటాన్ని బట్టి, సాంప్లర్ తొలినాళ్ల నుంచే నమూనాల పట్టీగానూ కుటుంబపు దస్తావేజుగానూ పనిచేసిందని చెప్పవచ్చు.

17వ శతాబ్దపు సాంప్లర్లు పొడవుగా, సన్నగా ఉండేవి. గుడ్డ ఖరీదైన సరుకు కావడంతో అంగుళం కూడా వృథా కాకుండా ఒక అంచు కింద మరొక అంచు వరసగా కుట్టుకుంటూ పోయి, పని ముగిశాక చుట్టచుట్టి దాచేవారు. మొదట రంగు పట్టుదారాలతో కుట్టే పట్టీ, ఆ తరువాత తెల్లగుడ్డ మీద తెల్లదారంతోనే నడిచే పట్టీ వచ్చేవి. ఈ రెండోదానిలో గుడ్డలోని కొన్ని పోగులను కత్తిరించి, లాగివేసి, మిగిలిన పోగుల చుట్టూ దారం అల్లి జాలీ రూపం తెచ్చేవారు. లేసు అల్లికకు దారితీసిన పద్ధతుల్లో ఇదొకటి.

ఈ క్రమం ఎంత చిన్న వయసులో పూర్తయ్యేదో మార్తా ఎడ్లిన్ పనులు తెలుపుతాయి. 1660లో పుట్టిన ఆమె ఎనిమిదో ఏట, 1668లో, రంగుల సాంప్లర్ ముగించి, మరుసటి ఏడాది తెల్లపని పట్టీ కుట్టి, పదకొండో ఏట చిన్న చిన్న అరలున్న పెట్టెకు తొడిగే కుట్టుపలకలను సిద్ధం చేసి, పదమూడో ఏట పూసలతో నగలపెట్టె చేసింది. తరతరాలుగా ఆమె వంశంలోని స్త్రీల చేతుల మీదుగా వచ్చిన ఆ వస్తువులన్నీ చెదిరిపోకుండా మ్యూజియానికి చేరడం వల్లనే, ఒక పిల్ల అయిదేళ్ల చదువు మొత్తం ఈనాడు మన కళ్లెదుట ఉంది.

అటువంటి పెట్టె ఒక్క పిల్ల చేతిలోనే తయారయ్యేది కాదు. బొమ్మ గీయడమే వృత్తిగా గలవారు తెల్ల శాటిన్ గుడ్డ మీద గీతలు గీసి అమ్మితే, దాన్ని కొనుక్కున్న పిల్ల నెలల తరబడి కుట్టి పంపేది. వడ్రంగి ఆ పలకలను చెక్కపెట్టెకు అతికించి, తాళం, అద్దం, సిరాబుడ్డి అరలు అమర్చేవాడు. హన్నా స్మిత్ అనే బాలిక పెట్టె మాంచెస్టర్‌లోని విట్‌వర్త్ గ్యాలరీలో ఉంది. 1654లో ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లిన తాను ఆ పలకలను 1656లో ముగించానని, ఆనాటికి తనకు పన్నెండేళ్లు నిండబోతున్నాయని, వాటిని పెట్టెగా కూర్చడానికి లండన్ పంపారని స్వయంగా చీటీ రాసి ఆమె పెట్టెలోనే దాచిపెట్టింది. తాను చేసిన పనిని ముందు తరాలవారు తేదీలతో సహా తెలుసుకోవాలన్న స్పృహ పన్నెండేళ్ల ప్రాయపు పిల్లకు ఉన్నదంటే, ఆ పనిని ఆమె కాలక్షేపంగా భావించలేదన్నది స్పష్టం.

పోగుల లెక్క, అక్షరాల వరస

18వ శతాబ్దానికి సాంప్లర్ రూపం మారింది. పొడుగుపట్టీ స్థానంలో చదరపు గుడ్డ వచ్చి, చుట్టూ తీగల అంచు, నడుమ అక్షరమాల, అంకెలు, నీతిపద్యం, ఇల్లు, చెట్లు, అడుగున కుట్టిన పిల్ల పేరు, వయసు, తేదీ ఉండటం ఆనవాయితీ అయింది. నిలువు పోగులను, అడ్డపోగులను లెక్కపెట్టుకుంటూ గుణకారపు గుర్తు ఆకారంలో వేసే క్రాస్ కుట్టు ఇందులో ప్రధానం. ఒక్క పోగు లెక్క తప్పితే అక్షరం ఒరిగిపోతుంది, వరస ముగిసే సరికి అంచు కలవదు. అందుచేత ఎదురెదురు అంచులు సరిగ్గా కలిసిన ప్రతి సాంప్లర్ వెనుక, ముందుగానే మనసులో వేసుకున్న కూడికలు, భాగహారాలు ఉన్నాయి.

అక్షరాలు కుట్టించడానికి ఒక గృహావసరం కారణమైంది. ఇంట్లోని దుప్పట్లు, తువాళ్లు, చొక్కాలు విలువైన ఆస్తిగా చలామణి అయిన ఆ రోజుల్లో, చాకలికి వేసినవి తిరిగి వచ్చాయో లేదో చూసుకోవడానికీ, అన్నీ సమానంగా అరిగేలా వంతులవారీగా వాడుకోవడానికీ, ప్రతి గుడ్డ మూలన యజమాని పేరులోని పొడి అక్షరాలు, వరస అంకె చిన్నగా కుట్టేవారు. దీన్ని గుర్తు వేయడం అనేవారు, గుర్తు వేయడం రాని పిల్లకు ఇల్లు దిద్దుకోవడం రానట్టే లెక్క. చదవడం, రాయడం అప్పట్లో వేరువేరు విద్యలుగా సాగుతూ, చాలా బడుల్లో ఆడపిల్లలకు చదవడం, కుట్టడం మాత్రమే నేర్పి రాయడాన్ని మగపిల్లలకు వదిలిపెట్టిన పరిస్థితిలో, ఎంతోమంది బాలికలు సొంత పేరును సిరాతో రాయకముందే దారంతో కుట్టారు.

కాలక్రమంలో సూది ఇతర పాఠాల్లోకీ ప్రవేశించింది. 18వ శతాబ్దం చివరి దశకాల్లో ఇంగ్లండు జిల్లాల సరిహద్దులు, ఖండాల రూపురేఖలు అచ్చు వేసిన పట్టుగుడ్డలు అంగళ్లలో అమ్మకానికి రాగా, బాలికలు వాటి మీద కుట్టు వేస్తూ భూగోళం నేర్చుకున్నారు. ఆడంబరాన్ని నిరాకరించి సాదాతనాన్ని ధర్మంగా పాటించే క్వేకర్ క్రైస్తవులు 1779లో యార్క్‌షైర్‌లో స్థాపించిన ఆక్‌వర్త్ బడిలో, అలంకారపు పూలకు బదులుగా అష్టకోణాల వంటి జ్యామితి ఆకృతులు కుట్టించేవారు. అదే శాఖవారు 1799లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ప్రారంభించిన వెస్ట్‌టౌన్ బడిలో బాలికలు పట్టుగుడ్డ తొడిగిన గోళాల మీద అక్షాంశ రేఖాంశాలు, సముద్రాలు, దేశాలు కుట్టడమే కాక, నక్షత్రమండలాలతో ఖగోళపు గోళాలను సైతం తయారు చేశారు. గుండ్రని తలం మీద వంపు తిరిగే రేఖలను దారంతో సరిగ్గా తేవడానికి కావలసిన అవగాహన తక్కువది కాదు.

రఫూ కోసం ప్రత్యేకమైన సాంప్లర్ ఉండేది. గుడ్డలో కావాలనే చతురస్రాకారపు కంతలు కత్తిరించి, చుట్టూ ఉన్న నేతను అనుకరిస్తూ ఒక్కొక్క కంతను ఒక్కొక్క రకం నేతతో పూడ్చడం అందులోని పాఠం. నేతగాడు మగ్గం మీద చేసే పనిని ఆ పిల్ల మగ్గం లేకుండా సూదితోనే చేయవలసి వచ్చేది.

రుసుము కట్టి నేర్చిన అలంకారం

సంపన్నుల కుమార్తెలకు కుట్టుతో పాటు ఇంకా అనేక అలంకార కళలు నేర్పేవారు. ఇంటి నిర్వహణ పుస్తకాలు రాయడం ద్వారా జీవనం సాగించిన తొలి ఆంగ్ల స్త్రీగా పేరొందిన హన్నా వూలీ, 1661లో తొలి పుస్తకం వెలువరించిన నాటి నుంచి వంటలు, మందులతో పాటు తాను నేర్పగల చేతిపనులను కూడా పాఠకులకు తెలియజేసింది. గవ్వలతో గుహల వంటి అలంకరణలు, మైనపు పండ్లు, పూసల అల్లిక, నాచుతో బొమ్మలు ఆనాటి ఉపాధ్యాయినులు బోధించిన విద్యలే.

వాటిలో 'జపానింగ్' ఒకటి. జపాను, చైనాల నుంచి వచ్చే నల్లని మెరుపు లక్కపెట్టెల మీది మోజు ఎంతగా పెరిగిందంటే, వాటిని అనుకరించడానికి చెక్క మీద పొరపొరలుగా వార్నిషు పూసి, బంగారు రంగుతో బొమ్మలు తీర్చే ఆ పద్ధతిని వివరిస్తూ స్టాకర్, పార్కర్ అనే ఇద్దరు 1688లో ఒక పెద్ద గ్రంథమే ప్రచురించారు. ఆ దశకంలోనే, చెల్సీ బోర్డింగ్ స్కూల్లో ఉన్న మోలీ వెర్నీ అనే చిన్నపిల్ల పెట్టెలకు జపానింగ్ చేయడం నేర్చుకుంటానని కోరగా, ప్రవేశ రుసుముకు ఒక గినీ, సామగ్రికి సుమారు నలభై షిల్లింగులు అవుతాయని లెక్క చూసుకుని తండ్రి సంతోషంగా ఒప్పుకున్నట్టు వెర్నీ కుటుంబపు ఉత్తరాల ద్వారా తెలుస్తుంది. ప్రతి విద్యకూ విడివిడిగా రుసుము ఉన్నందువల్ల, కూతురు తయారుచేసిన పెట్టె గదిలో కనబడితే తండ్రి స్తోమత కూడా చూసినవారికి తెలిసిపోయేది.

18వ శతాబ్దంలో 'ఫిలిగ్రీ' కాగితపు పని ప్రాచుర్యంలోకి వచ్చింది. కాగితాన్ని సన్నని పట్టీలుగా కోసి, చుట్టలు చుట్టి, అంచు మీద నిలబెట్టి అతికిస్తే, బంగారు పూత ఉన్న ఆ అంచులు పైకి కనబడి బంగారు తీగపనిలా మెరిసేవి. నేడు క్విల్లింగ్ పేరుతో మన పిల్లలు వేసవి సెలవుల్లో నేర్చుకునేది ఆ పనినే. ఎడిన్‌బరోలో హన్నా రాబర్ట్‌సన్ 1760లలో యువతుల కోసం ప్రచురించిన చేతిపనుల పుస్తకంలో ఇటువంటి కళల తయారీ విధానాలు సామగ్రితో సహా ఉన్నాయి. జేన్ ఆస్టిన్ 1811 నాటి నవల 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'లో లూసీ స్టీల్ అనే పేద యువతి ధనవంతుల బిడ్డ కోసం ఫిలిగ్రీ బుట్ట చేస్తూ కూర్చునే సన్నివేశం ఉంది. ఆశ్రయం కోరేవారు ఆ నేర్పును ఇంటివారి మెప్పు సంపాదించడానికి ఎలా వాడుకోవలసి వచ్చేదో ఆ ఘట్టం చెబుతుంది.

తెలుగు తీరానికీ ఈ అలంకార లోకానికీ ఒక పాత బంధం ఉంది. మచిలీపట్నం పరిసరాల నుంచీ, కోరమాండల్ తీరంలోని ఇతర రేవుల నుంచీ ఎగుమతైన కలంకారీ, చింట్జ్ అనే అద్దకపు వస్త్రాల మీది పూలతీగలు ఇంగ్లండు కుట్టుపనికి నమూనాలయ్యాయి. 1721లో పార్లమెంటు అద్దకపు నూలుగుడ్డల వాడకాన్ని నిషేధించి 1774 దాకా ఆ కట్టడి కొనసాగించినా వాటి మీద మక్కువ పోలేదు. ఆ పూలను గుడ్డ నుంచి కత్తిరించి మరొక గుడ్డ మీద పరచి కుట్టే బొంతపని ఆనాటి స్త్రీలకు ఎంతో ఇష్టమైనది.

పేదపిల్లల పాఠం

ధర్మబడుల్లో అలంకారానికి చోటు లేదు. 17వ శతాబ్దం ముగిసే వేళకు చర్చి సంఘాల పూనికతో విస్తరించిన ఆ బడుల్లో బాలికలకు చదవడం, ప్రార్థన, కుట్టు, అల్లిక, వడకడం నేర్పి, ఇంటిపనికి కుదిర్చి పంపేవారు. పిల్లలు కుట్టిన చొక్కాలను అమ్మి బడి ఖర్చులకు వాడుకోవడమూ ఉండేది. 19వ శతాబ్దంలో బ్రిస్టల్‌లో జార్జ్ ముల్లర్ నడిపిన అనాథాశ్రమాల బాలికలు కుట్టిన సాంప్లర్లలో, ఎక్కువగా ఎర్ర నూలుదారంతో, రకరకాల పరిమాణాల అక్షరమాలలు, అంకెలు, మూలల నమూనాలు సందు లేకుండా కిక్కిరిసి ఉంటాయి. దుప్పట్లకు గుర్తు వేయగల పనిమనిషి కావాలనుకునే యజమానురాలికి ఆ గుడ్డే యోగ్యతాపత్రం. 1862 నాటి విద్యా నియమావళి ప్రభుత్వ గ్రాంటు పొందే బడుల్లో ఆడపిల్లలకు కుట్టుపనిని తప్పనిసరి చేయడంతో, మగపిల్లలు లెక్కలు చేసుకునే గంటల్లో కొంతభాగం బాలికలకు సూదితోనే గడిచిపోయింది.

విధేయత నేర్పడానికి ఉద్దేశించిన ఈ గుడ్డ మీదనే ఒక యువతి తన వేదనను వెళ్లబోసుకుంది. ససెక్స్‌లోని ఆష్‌బర్న్‌హామ్ ప్రాంతంలో 1813లో కూలి కుటుంబంలో పుట్టి, చిన్న వయసులోనే ఇళ్లలో పనికి కుదిరిన ఎలిజబెత్ పార్కర్, 1830 ప్రాంతంలో ఎర్ర పట్టుదారంతో, అంచూ పువ్వూ లేకుండా, కేవలం అక్షరాలతో తన కథ కుట్టింది. యజమానుల ఇంట తాను అనుభవించిన హింసను, చనిపోవాలనిపించిన మనోవ్యధను, దైవాన్ని శరణు వేడటాన్ని వరస వెంట వరసగా చెప్పుకుంటూ వచ్చిన ఆ గుడ్డ ఒక వాక్యం నడుమ ఆగిపోయింది. ఆమె మాత్రం బతికింది, ఆ ఊరి ధర్మబడిలోనే ఉపాధ్యాయినిగా పనిచేసి 1889లో కన్నుమూసింది. ఆమె సాంప్లర్ కూడా విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనే ఉంది. 19వ శతాబ్దపు పనిపిల్ల తన అనుభవాన్ని తన మాటల్లో చెప్పుకున్న దాఖలాలు అతి తక్కువ కనుక, చరిత్రకారులకు ఈ గుడ్డ ఎంతో విలువైన ఆధారం.

వెలిపెట్టిన కళ

లండన్‌లో 1768లో ఏర్పడిన రాయల్ అకాడమీ అనే కళాసంస్థ, కొద్దికాలానికే, కుట్టుపని, కృత్రిమ పుష్పాలు, కత్తిరించిన కాగితపు పని, గవ్వల పని వంటివాటిని తన ప్రదర్శనలకు అనుమతించరాదని నియమం చేసింది. బాలికల బడుల్లో నేర్పే విద్యల పట్టికను, ఆ నిషేధపు పట్టికను పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ దాదాపు ఒకటే. స్త్రీలకు దేనిలో శిక్షణ ఇచ్చారో దానినే కళ కాదని తీర్మానించడం వల్ల, ఆ శిక్షణ పొందినవారందరికీ కళాకారులయ్యే దారి ఒకేసారి మూసుకుపోయింది.

ఆ దారి వెలుపలే గొప్ప పనులు జరిగాయి. మేరీ డిలేనీ 1772లో, డెబ్బైరెండో ఏట, రంగు కాగితాలను కత్తిరించి నల్లని నేపథ్యం మీద అతికిస్తూ మొక్కల రూపాలను వృక్షశాస్త్రజ్ఞులు మెచ్చేంత ఖచ్చితంగా కూర్చడం ప్రారంభించి, చూపు మందగించే వరకు చేసిన చిత్రాలు దాదాపు వెయ్యి. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. లెస్టర్‌లో ఆడపిల్లల బడి నడిపిన మేరీ లిన్‌వుడ్ ప్రసిద్ధ తైలవర్ణ చిత్రాలను ఉన్నిదారాలతో కుంచె విసురుల్లా తోచేలా కుట్టి, లండన్ లెస్టర్ స్క్వేర్‌లో తన సొంత ప్రదర్శనశాలను దశాబ్దాల పాటు నడిపింది. అంత ఆదరణ పొందిన ఆ పనులు, 1845లో ఆమె మరణించాక వేలంలో చాలా తక్కువ ధరకు పోయాయి.

ఈ వ్యవస్థ మీద విమర్శ ఆనాటి స్త్రీల నుంచే వచ్చింది. మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792 నాటి తన స్త్రీ హక్కుల గ్రంథంలో, నిరంతరమైన సూదిపని బాలికల ఆలోచనను తమ ఒంటి చుట్టూనే తిప్పుతుందని అభ్యంతరం చెప్పింది. కూలికి బట్టలు కుట్టి ఏళ్ల తరబడి కుటుంబాన్ని పోషించిన మేరీ లాంబ్, 1815లో మారుపేరుతో రాసిన వ్యాసంలో సమస్యను ఇంకా సూటిగా పట్టుకుంది. కలిగిన ఇళ్ల స్త్రీలు డబ్బు తీసుకోకుండా చేసుకుపోయే కుట్టుపని వల్ల, ఆ పనితోనే పొట్టపోసుకునే స్త్రీల జీవనోపాధి దెబ్బతింటుందని, సూదిపనికి ఎప్పుడూ వెల ఉండాలని ఆమె వాదించింది. కుట్టుపనిని అందం కోణం నుంచో నీతి కోణం నుంచో చూడటమే అలవాటైన కాలంలో, దాన్ని శ్రమగా, ధర గల పనిగా చూసిన అరుదైన రచన అది.

నరసాపురం దాకా

మిషనరీల కుటుంబాల స్త్రీలు ప్రపంచంలో ఎక్కడికి వెళ్లినా సూదిపనిని వెంట తీసుకువెళ్లారు. 19వ శతాబ్దంలో గోదావరి డెల్టాలోని నరసాపురం పరిసరాల్లో, ఎగువన దుమ్ముగూడెంలో కూడా, వారి ద్వారానే లేసు అల్లిక వచ్చింది. మొదట క్రైస్తవం స్వీకరించిన పేద దళిత స్త్రీలకు జీవనాధారంగా నేర్పిన ఆ పని, ఎగుమతి వ్యాపారంగా ఎదిగేకొద్దీ, పొలం పనికి బయటికి వెళ్లడం పరువు తక్కువనుకునే కాపు కుటుంబాల స్త్రీలకూ వ్యాపించింది. కొస వంకర తిరిగిన క్రోషియా సూదితో, సన్నని నూలుదారంతో అల్లే ఈ లేసులో పని ముక్కలుగా పంచబడి ఉంటుంది: విడిపూలు అల్లేది చేతిపని, ఆ పూలను కలిపేది అతుకుపని, అంచు దిద్దేది కాజాకుట్టు. ఒక్కో పని ఒక్కో ఇంట జరగడం వల్ల, తాను అల్లిన పువ్వు ఏ దేశంలో ఏ బల్ల మీద పరుచుకుంటుందో, దాని ధర ఎంతో అల్లినవారికి తెలిసే వీలు తక్కువ.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర ఇక్కడ పరిశోధన చేసి 1982లో వెలువరించిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' గ్రంథం, ఈ స్త్రీలు ఇంటిచాకిరికి తోడు రోజుకు అనేక గంటలు లేసు అల్లుతున్నా, వారిని ఇంట్లో ఊరికే కూర్చుని తీరిక సమయంలో అల్లుకునే గృహిణులుగా చిత్రించడం వల్లనే కూలి అంత హీనంగా ఉందని, జనాభా లెక్కల్లోనూ వారు శ్రామికులుగా నమోదు కావడం లేదని నిరూపించింది. మేరీ లాంబ్ లండన్‌లో గుర్తించిన సమస్యను మరియా మీస్ గోదావరి తీరంలో, ఒకటిన్నర శతాబ్దం దాటాక, ప్రపంచ విపణి స్థాయిలో చూసింది.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక ప్రాంతపు నేర్పును ఆ ప్రాంతం పేరుతోనే అమ్ముకునే హక్కును ఇచ్చే ఆ గుర్తింపు గర్వించదగినదే అయినా, అది ఊరి పేరును కాపాడుతుందే తప్ప అల్లిన చేతికి దక్కే కూలిని నిర్ణయించదు. ఎనిమిదేళ్ల మార్తా ఎడ్లిన్ పేరూ వయసూ ఈనాటికీ నిలిచాయంటే, ఆమె వాటిని గుడ్డ మీద కుట్టుకున్నది కనుకనే. నరసాపురం లేసు మీద అల్లినవారి పేరు ఉండదు. ఆ పేరును కనీసం సహకార సంఘాల దస్తరాల్లోనైనా శ్రామికురాలిగా నమోదు చేసి, ఒక్కొక్క పువ్వుకు పట్టే గంటలను లెక్కగట్టి, ఆ గంటలకు కనీస వేతనం ప్రాతిపదికగా ధర కట్టినప్పుడే, మూడు శతాబ్దాలకు పైగా ఆడపిల్లల చేత చేయించుకున్న ఈ పనిని పనిగా ఒప్పుకున్నట్టు అవుతుంది. అంతవరకు మ్యూజియం అద్దాల వెనుక వారి నైపుణ్యానికి దక్కే ప్రశంస ఎంత హృదయపూర్వకమైనదైనా సగం న్యాయమే.